పిల్లలకు ఏ పుస్తకం? ముందు ఇంట్లో చదివి వినిపించేదెవరో తేల్చుకోండి

దుకాణంలో నిలబడి “మూడేండ్ల పాపకు ఏదన్నా మంచి పుస్తకం ఇవ్వండి” అంటే అవతలాయన పాప వయసు చూసి ఒకటి తీసిస్తాడు. ఆ పుస్తకాన్ని రాత్రిపూట తెరవాల్సింది మాత్రం డ్యూటీ దిగి తొమ్మిదింటికి ఇల్లు చేరే నాన్న. లేదా పొద్దంతా పత్తి ఏరొచ్చి నడుం వాల్చిన అమ్మ. లేదా అక్షరం రాని నాయనమ్మ. వాళ్లలో ఎవరన్నది తేలకుండా కొన్న పుస్తకం వారం తిరక్కుండానే బీరువా మీదికెక్కి దుమ్ము పట్టుకుంటుంది. అందుకే ఇక్కడ పుస్తకాలను పిల్లల వయసుతో కాకుండా, చదివి వినిపించే మనిషితో మొదలుపెట్టి పోల్చుతున్నాం.

చదువొచ్చినా ఓపిక మిగలని ఇల్లు

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ఎక్కువ ఇండ్లు ఈ లెక్కలోకే వస్తాయి. వీళ్లు చేసే పొరపాటు ఒకటే. పెట్టిన పైసలకు ఎక్కువ కథలొస్తాయని వందల కథలున్న లావుపాటి పుస్తకం కొంటారు. అందులో నాలుగు పేజీలకొక బొమ్మ, చీమంత అక్షరం. ఒక్కో కథకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మూడో పేరాకే చదివేవాళ్లకు ఆవులింతలొస్తాయి, పిల్ల అప్పటికే దొర్లుకుంటూ మంచం అవతలికి పోయి ఉంటుంది.

దాని బదులు 12 నుంచి 16 పేజీల సన్న పుస్తకం తీసుకోండి. పేజీకి ఒకటి రెండు వాక్యాలుండాలి, మిగతాదంతా బొమ్మే. ఊరికే చదివితే మూడు నిమిషాలు, బొమ్మలు చూపిస్తూ ముచ్చటపెడితే పది. ప్రథమ్ బుక్స్ వాళ్ల ఉచిత కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో కథలకు 1 నుంచి 4 దాకా స్థాయిలుంటాయి. పిల్లకు ఐదేండ్లున్నా సరే, చదివేవాళ్లు అలసిపోయి వచ్చేవాళ్లయితే 1, 2 స్థాయిలు దాటొద్దు. ఆదివారం ఒక్కనాడు అరగంట చదివే కథ కన్నా రోజూ చదివే మూడు నిమిషాల కథకే పిల్లలు అలవాటు పడతారు.

చదివిన పుస్తకాన్నే ఇరవైసార్లు అడిగితే విసుక్కోకండి, కొత్తది కొనకండి. తర్వాతి పేజీలో ఏముందో ముందే తెలిసి చెప్పడంలోనే నాలుగేండ్ల పిల్లలకు మజా. మీరు కావాలని ఒక మాట తప్పు చదివి చూడండి, వెంటనే పట్టేసుకుంటారు.

అక్షరం రాని అవ్వ ఉన్న ఇల్లు

పుస్తకం ఆమె పని కాదని పక్కన పెడతారు గానీ, పొద్దంతా పిల్ల దగ్గర ఉండేది ఆమే. ఈ ఇంటికి మాటల్లేని బొమ్మల పుస్తకాన్ని మించింది లేదు. కథంతా బొమ్మల వరుసలోనే నడుస్తుంది. మొదటి రోజు ఇద్దరూ కలిసి ఊరికే పేజీలు తిప్పాలి. రెండో రోజు “గీడెవడు? ఎటు పోతుండు?” అని అవ్వ అడగాలి. మూడో రోజుకు కథ పిల్ల నోటి నుంచి రావడం మొదలవుతుంది. రోజుకోతీరుగా మారినా ఫరవాలేదు, మారాలి కూడా. ఇలాంటివి దొరక్కపోతే మామూలు బొమ్మల పుస్తకమే ఇచ్చి, కింద ఏం రాసుందో పట్టించుకోవద్దని అవ్వకు చెప్పండి.

పిల్లకు ఏడేండ్లు వచ్చి కూడబలుక్కుని చదువుతున్నప్పుడు ఇదే అవ్వ ఇంకా బాగా పనికొస్తుంది. టీచరు “తర్వాత ఏమైంది?” అని అడిగితే అది పరీక్ష, జవాబు టీచరుకు తెలుసని పిల్లకూ తెలుసు. అవ్వ “తర్వాత ఏమైంది బిడ్డా?” అంటే నిజంగా తెలియకనే అడుగుతుంది. పైగా ఆమె మధ్యలో ఆపి తప్పులు దిద్దదు. చదువొచ్చిన మనం అదొక్కటీ చేయలేకపోతున్నాం.

అమ్మానాన్న ఊళ్లో లేని ఇల్లు

పాలమూరు పల్లెల్లో పిల్లలు తాత దగ్గర, అమ్మానాన్న హైదరాబాద్‌లోనో ముంబయిలోనో పని మీద ఉండటం కొత్త సంగతి కాదు. వీడియో కాల్‌లో పుస్తకం చదవాలని చాలామంది చూస్తారు. సిగ్నల్ ఆగుతుంది, బొమ్మ కనబడదు, నాలుగు నిమిషాలకు అందరికీ చిరాకు. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపడం దీనికన్నా ఎన్నో రెట్లు మేలు.

ఒకే పుస్తకం రెండు ప్రతులు కావాలి. ఒకటి ఊళ్లో పిల్ల చేతిలో కాగితం మీద, రెండోది అమ్మ ఫోన్‌లో ఫైలుగా ఉన్నా సరిపోతుంది. రికార్డు చేసేటప్పుడు పిల్లను పేరు పెట్టి పిలిచి మొదలుపెట్టాలి. ఒక్కో పేజీ అయ్యాక వేలితో రెండుసార్లు తట్టాలి, అది పేజీ తిప్పమనే గుర్తు. తట్టాక ఐదు లెక్కపెట్టేంత సేపు ఆగాలి. ఆ ఐదు అంకెల ఎడమే చాలామంది మరిచిపోయేది. పెద్దల వేళ్లు పేజీ తిప్పినంత తొందరగా చిన్న వేళ్లు తిప్పలేవు, రెండో పేజీకే మాట ముందుకు పోయి బొమ్మ వెనకబడుతుంది. మొత్తం ఐదు నిమిషాలు దాటొద్దు. తాత ఫోన్‌లో దాన్ని పైకి పిన్ చేసి పెడితే పిల్లే వెతుక్కుని వింటుంది.

ఇంట్లో తెలుగు మాట్లాడని ఇల్లు

దేవరకొండ తండాల్లో లంబాడీ, నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం, మహబూబ్‌నగర్ పట్నంలో ఉర్దూ. మొదటి మూడు నాలుగేండ్లు బొమ్మల పుస్తకాన్ని ఇంటి భాషలోనే చెప్పండి, పుస్తకం ఏ భాషలో అచ్చయినా సరే. ఉర్దూ, కన్నడ కథలు స్టోరీవీవర్‌లోనే దొరుకుతాయి. బడిలో తెలుగు మొదలయ్యాక అదే పుస్తకం తెలుగులో చదివితే కథ ముందే తెలుసు కాబట్టి మాటలు తొందరగా అంటుకుంటాయి.

తెలుగా, ఇంగ్లీషా, రెండూ ఉన్నవా?

2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చాక “ఇంగ్లీషు పుస్తకమే కొనాలి” అనే మాట ప్రతి ఇంట్లో వినబడుతోంది. మా మాట సూటిగా: ఆరేండ్ల దాకా కొనేవాటిలో ముప్పాతిక వంతు తెలుగు పుస్తకాలే ఉండాలి. ఇంగ్లీషు పుస్తకం చదువుతూ ప్రతి వాక్యానికీ ఆగి అర్థం చెబుతుంటే కథ ముక్కలైపోతుంది. చదివేవాళ్లకే ఇంగ్లీషు తడబడుతుంటే గొంతులో ఊపు ఉండదు, పులి వచ్చినా పిల్లి వచ్చినా ఒకే తీరుగా చదువుతారు. పిల్లలకు నచ్చేది ఆ గొంతే.

రెండు భాషలూ పక్కపక్కన ఉండే పుస్తకాలు తూలికా లాంటి ప్రచురణ సంస్థలు వేస్తున్నాయి. మంచి ఎంపికే, వాడే పద్ధతి తెలిస్తే. ఒక వాక్యం తెలుగులో, వెంటనే అదే ఇంగ్లీషులో చదివితే పిల్ల తెలుగు వాక్యం విని ఇంగ్లీషు వచ్చేసరికి చెవులు మూసుకుంటుంది. ఒక రాత్రి మొత్తం కథ తెలుగులో చదవండి. నాలుగు రోజులు గడిచి కథ ఒంటబట్టాక ఒక రాత్రి మొత్తం ఇంగ్లీషులో చదవండి. మధ్యలో అర్థం చెప్పాల్సిన పనే పడదు.

ఒక సంగతి చాలామంది చూడరు. బడి ఇచ్చే పాఠ్యపుస్తకాలు కూడా ఇప్పుడు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుతో వస్తున్నాయి. జూన్‌లో పుస్తకాలు రాగానే తెలుగు వాచకంలోని కథలన్నీ బడి మొదలుపెట్టక ముందే ఇంట్లో కథల్లా చదివేయండి, ప్రశ్నల జోలికి పోకుండా. ఖర్చు లేదు, తర్వాత క్లాసులో పిల్ల చెయ్యి ముందే లేస్తుంది.

ఇక మన మాటకూ పుస్తకం మాటకూ ఉన్న తేడా. పుస్తకంలో “వచ్చాడు” అని ఉంటుంది, ఇంట్లో “వచ్చిండు” అంటాం. అందులో చొక్కా, మనకు అంగి. అందులో సొరకాయ, మనకు ఆనిగెపుకాయ. మొదటిసారి కథను ఇంటి మాటలో చెప్పండి, రెండోసారి నుంచి అచ్చులో ఉన్నట్టే చదవండి. బొమ్మ చూపించి “ఇది మన ఆనిగెపుకాయే, ఈ పుస్తకంలో సొరకాయ అని రాసిండ్రు” అంటే చాలు. మన మాట తప్పు, పుస్తకం మాట ఒప్పు అని మాత్రం పిల్ల ముందు అనొద్దు. అట్లా అన్న ఇంట్లో పిల్ల గట్టిగా చదవడానికి సిగ్గుపడుతుంది, నోరు తెరిస్తే తప్పు పోతుందేమోనని.

ఎక్కడి నుంచి తేవాలి?

బొమ్మల పుస్తకాలు చూసి ఎంచుకోవాలంటే ఇప్పటికీ హైదరాబాద్ పోవాల్సిందే, నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. నకిరేకల్ దగ్గరి మాదారంలో పుట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన పుట్టిన గడ్డ మీద ఇయ్యాల బస్టాండు బుక్‌స్టాల్‌లో పిల్లల పుస్తకమంటే రంగులు వేసేవీ, అఆలవీ తప్ప కథలవి ఒకటో రెండో. సాధారణంగా డిసెంబర్‌లో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు ఏడాదికోసారి పిల్లలను తీసుకునిపోయి పదిహేను ఇరవై పుస్తకాలు ఒకేసారి తెచ్చుకోవడం తెలివైన పని. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లు వేసే సన్న పుస్తకాల్లో వంద రూపాయల లోపువి చాలానే ఉంటాయి. పోలేనివాళ్లు పోస్టులో తెప్పించుకోవచ్చు, కాకపోతే ఒక్క పుస్తకం తెప్పిస్తే పోస్టు ఖర్చు పుస్తకం ధరతో పోటీ పడుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి పది తెప్పించండి.

గ్రంథాలయం విషయానికొస్తే, మీరు కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఎట్లాగూ పోతోంది. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కానీ మండలంలోని శాఖలో కానీ డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికి ఇస్తారు. అయితే అక్కడి బల్లలు చాలాచోట్ల గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదివేవాళ్లతో నిండి ఉంటాయి, మూడేండ్ల పిల్లను తీసుకునిపోతే “ష్” అనే చూపులే. అరలో పిల్లల పుస్తకాలు ఉన్నా ఎక్కువ భాగం ఎనిమిదేండ్లు దాటినవాళ్లకు సరిపోయేవి. కాబట్టి ఐదేండ్ల లోపు పిల్లలకు గ్రంథాలయం మీద ఆశ పెట్టుకోకండి. సొంతంగా చదవడం వచ్చి, వారానికి రెండు మూడు పుస్తకాలు మింగేసే పిల్లలకు మాత్రం అదే దిక్కు, ఆ వేగానికి కొనుక్కుంటూ పోతే ఏ జేబూ సరిపోదు. తెచ్చిన పుస్తకానికి పాత పేపరుతో అట్ట వేసి, వాపసు తేదీని క్యాలెండర్ మీద పిల్ల చేతనే రాయించండి.

ఫోన్ సంగతి. స్టోరీవీవర్‌లో వేలాది కథలు ఉచితం. అందులో తెలుగువి మీ పిల్ల చిన్నతనమంతా చదివినా మిగులుతాయి. తూకంలో ఇది గెలవాలి నిజానికి. ఓడిపోయేది తెర దగ్గర. కథ మధ్యలో పైనుంచి ఒక మెసేజ్ జారుతుంది, పిల్ల వేలు దాని మీద పడుతుంది, తర్వాత యూట్యూబ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేండ్ల లోపు పిల్లలకు తెర వద్దే వద్దు, రెండు నుంచి నాలుగేండ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు. ఆ గంటలో కార్టూన్లకే సగం పోతుంది. అందుకే ఫోన్‌ను పుస్తకాల గోదాంలా వాడండి, కథను అక్కడి నుంచి కాగితం మీదికి దించండి.

జిరాక్స్ షాపు పుస్తకం

వందకు ఒక్కటే కొనుక్కోగల ఇంట్లో అదే వందకు నాలుగైదు పుస్తకాలు తయారవుతాయి, అందుకే దీన్ని కొంచెం విడమరిచి చెబుతాం.

కథ పీడీఎఫ్ దించుకుని షాపుకు పోండి. పేజీ అడ్డంగా ఉన్న కథ అయితే ఒక ఎ4 కాగితాన్ని నిలువుగా పెట్టి రెండు పేజీలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా, ఒక పక్కనే వేయమనండి. 12 పేజీల కథకు 6 కాగితాలు. సైజును 90 శాతానికి తగ్గించమని తప్పకుండా చెప్పండి, లేకపోతే ఎడమ అంచు దాకా అక్షరాలు వచ్చి కుట్టు కింద ఇరుక్కుంటాయి. ఈ ఒక్క మాట మరిచిపోయి చాలా పుస్తకాలు పాడవుతాయి. రచయిత, చిత్రకారుల పేర్లున్న చివరి పేజీ కూడా వేయించండి, పేర్లు ఉంచితేనే ఆ కథను పంచుకునే హక్కు. మామూలు 75 జీఎస్ఎమ్ (కాగితం బరువును చెప్పే లెక్క, అంకె పెరిగితే కాగితం మందం) కాగితం చిన్న చేతుల్లో తొందరగా చిరుగుతుంది, 100 జీఎస్ఎమ్ ఉంటే అడగండి.

రంగు ప్రింటు ఖర్చు ఎక్కువ. నలుపు–తెలుపులో వేయిస్తే నీళ్ల రంగుల బొమ్మలు బూడిద ముద్దలైపోతాయి. కాబట్టి గీతలు స్పష్టంగా ఉన్న బొమ్మల కథలు ఎంచుకోండి, రంగులు పిల్లే నింపుకుంటుంది.

ఇంటికొచ్చాక కాగితాలను అడ్డంగా నడిమికి కోసి వరుసగా పేర్చండి. పైన, కింద పాత క్యాలెండర్ అట్ట పెట్టండి. స్టాప్లర్ పిన్ను కొట్టొద్దు, తుప్పు పడుతుంది, ఊడి నోట్లోకి పోతుంది. ఎడమ అంచు నుంచి ఒక సెంటీమీటర్ లోపలికి, పై నుంచి 3, 7.5, 12 సెంటీమీటర్ల దగ్గర దబ్బనంతో మూడు రంధ్రాలు పొడవండి. బొంత కుట్టే లావు దారం తీసుకోండి. వెనక నుంచి నడిమి రంధ్రంలో సూది పైకి తీసి, పై రంధ్రంలో కిందికి దింపండి. వెనకవైపే నడిమిది వదిలేసి అడుగు రంధ్రం దాకా పోయి పైకి తీయండి. మళ్లీ నడిమి రంధ్రంలో కిందికి దింపండి. ఇప్పుడు దారం కొసలు రెండూ వెనక నడిమి రంధ్రం దగ్గరే ఉంటాయి. పొడుగు కుట్టుకు చెరోపక్క ఒక్కో కొస ఉండేలా చూసి గట్టిగా ముడేయండి, అట్లా వేస్తే ముడి జారదు. ఆ అంచు మీద పాత బట్ట పీలిక అంటించేస్తే అయిపోయింది.

ఒక పక్కే అచ్చు కాబట్టి ప్రతి కాగితం వెనక తెల్లగా ఉంటుంది. అది పిల్లకు వదిలేయండి. ఎదుటి పేజీ బొమ్మలో మేక ఉంటే వెనక తన మేకను గీసుకుంటుంది, అప్పటి నుంచి ఆ పుస్తకం తనది.

నోట్లో పెట్టుకునే వయసుకు

ఏడాదిన్నర లోపు పిల్లలు పుస్తకాన్ని ముందు నాకుతారు, తర్వాత కొరుకుతారు, ఎప్పుడో చూస్తారు. కొనే అట్ట పుస్తకం గట్టిగా ఉంటుంది, కానీ ఆ ధరకు రెండు మూడు కాగితం పుస్తకాలు వస్తాయి. బట్ట పుస్తకం ఉతుక్కోవచ్చు, అయితే పేజీ తిప్పడం అలవాటవ్వదు, మడిచి విసిరేస్తారు. ఒక్కటి కొనేట్టయితే అట్ట పుస్తకమే కొనండి, రెండోది ఇంట్లో చేయండి.

ఇంటింటా పెండ్లి పత్రికలు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. ఆ మందపాటి అట్టలు ఆరు తీసుకుని పాప రోజూ చూసేవాటి ఫోటోలు లేదా బొమ్మలు ఒక్కోటి అంటించండి: చెంబు, కోడి, నాన్న, బండి, చందమామ, సీతాఫలం. మూలలు కత్తెరతో గుండ్రంగా కోయాలి, లామినేషన్ చేయిస్తే ఆ మూలలు బ్లేడులా ఉంటాయి కాబట్టి మరీ జాగ్రత్త. అంటించడానికి మైదా గంజి చాలు. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ల దగ్గర గంజి తెచ్చుకోవద్దు, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. మీరు చేసిన పుస్తకానికి పురుగు పట్టినా నష్టం లేదు, అప్పటికి పాప దాన్ని తినేసి ఉంటుంది.

మనం చదవడమా, తనతో చదివించడమా?

పిల్ల అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టగానే చాలా ఇండ్లలో పెద్దలు చదివి వినిపించడం ఆపేస్తారు. “నీకొచ్చు కదా, నువ్వే చదువుకో.” చదువు మీద ఇష్టం ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఆరేండ్ల పిల్ల చెవితో పెద్ద కథ అర్థం చేసుకోగలదు, కంటితో మాత్రం “అల, వల, తల” దగ్గరే ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎడం పూడటానికి రెండు మూడేండ్లు పడుతుంది. అప్పటిదాకా రెండూ నడవాలి: మీరు చదివే పుస్తకం పెద్దది, తను చదివే పుస్తకం చిన్నది.

తను చదివేదాన్ని ఎంచుకునేటప్పుడు ఒక పేజీ చదివించి, ఎన్ని మాటల దగ్గర ఆగిందో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఐదు వేళ్లు ముడుచుకుంటే పుస్తకం కష్టమైనదని ఇంగ్లీషు పుస్తకాలకు చెప్పే లెక్క. తెలుగుకు ఆ లెక్క సరిపోదు. “వెళ్లిపోవాల్సివచ్చింది” మనకు ఒకే మాట, అందులోనే ఒక వాక్యమంత బరువుంది. తెలుగులో మూడు వేళ్లు ముడుచుకుంటే పుస్తకం మార్చేయండి.

అచ్చు ఎట్లా ఉందో కూడా చూడాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. వరుసల మధ్య జాగా తక్కువైతే పై వరుసలోని వత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. పెద్దలకు అలవాటైన కన్ను కాబట్టి కనబడదు, ఏడేండ్ల పిల్ల అక్కడే చిక్కుకుంటుంది. కొనేముందు ఒక పేజీ తెరిచి “మిత్రుడు”, “వస్త్రం” లాంటి మాట ఎక్కడుందో వెతకండి. ఆ వత్తు కింద ఇంకా తెల్లజాగా కనబడితేనే తీసుకోండి. ద–ధ–థ, బ–భ, డ–ఢ, వ–ప–ష తారుమారు చేయడం ఏడేండ్ల దాకా మామూలే. ప్రతిసారీ ఆపి దిద్దొద్దు. వాక్యం పూర్తయ్యాక అర్థం మారిపోయిన చోట మాత్రం మీరొకసారి సరిగా చదవండి.

పుస్తకం ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకోవడం, తల ఒక పక్కకు వంచి చూడటం, పది నిమిషాలకే కండ్లు నలుపుకోవడం కనబడితే బద్ధకమని తిట్టకముందు కంటి డాక్టరుకు చూపించండి.

చదివితే చాక్లెట్, చదివితే పది రూపాయలు అనే పద్ధతి మొదటి నెల బాగా పనిచేస్తుంది. రెండో నెలలో పిల్ల అన్నిటికన్నా సన్న పుస్తకం వెతుకుతుంది, మూడో నెలలో చాక్లెట్ లేకపోతే పుస్తకమూ ఉండదు. ఇవ్వాలనిపిస్తే ఇంకో పుస్తకమే ఇవ్వండి, లేదా పడుకునే టైము పావుగంట ఆలస్యం చేయండి, ఆ పావుగంట పుస్తకంతోనే అని.

ఎక్కడ పెట్టాలి?

అద్దాల బీరువాకు తాళం వేసి పెట్టిన పుస్తకాల కన్నా గోడకు సుతిలి కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీసిన పుస్తకాలు ఎక్కువ చదువుతారు. సుతిలి పిల్ల ఛాతీ ఎత్తుకు మించొద్దు, చుట్టూ వదులుగా వేలాడకుండా బిగించి కట్టాలి. చిన్నపిల్లలు వీపు మీది పేరు చూసి పుస్తకాన్ని గుర్తుపట్టలేరు, అట్ట బొమ్మ కనబడాలి. ఎనిమిదో పదో బయట పెట్టి మిగతావి దాచండి. పదిహేను రోజులకోసారి మార్చితే పాతవే కొత్తవైపోతాయి.

దాచినవాటికి చెదలు, ఎలుకల భయం. మట్టిగోడకు ఆనించొద్దు, నేల మీద పెట్టొద్దు, ఎండిన వేపాకు వేయండి. కలరా ఉండలు మాత్రం పిల్లలున్న ఇంట్లో పుస్తకాల మధ్య పెట్టకండి. తెల్లగా పిప్పరమెంటులా ఉంటాయి, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఐదు వందలుంటే

ఇద్దరూ పనికి పోయే ఇంట్లో: మూడు వందలకు సన్న తెలుగు బొమ్మల పుస్తకాలు, వందకు జిరాక్స్ పుస్తకాలు, మిగతా వంద డిసెంబర్ ప్రదర్శనకు దాచండి. అవ్వ దగ్గర పెరిగే పిల్లకైతే మాటల్లేని పుస్తకాలు రెండు, రెండు భాషలున్నది ఒకటి కొని, మిగిలినదాంతో అమ్మానాన్న గొంతు వినడానికి తాత ఫోన్‌లో నెల డేటా వేయించండి. ఎనిమిదేండ్లు దాటి పుస్తకాలు మింగేస్తున్న పిల్లకు కొనడం ఆపి, ఆ డబ్బులో డిపాజిట్ కట్టేయండి. మిగిలినది బస్సు చార్జీలకు, గ్రంథాలయానికి తీసుకునిపోయి తీసుకొచ్చేవాళ్లు కూడా కావాలి కదా.